మంచు దేశపు చదువు మనకెందుకు అన్న అన్నలకు

పోస్టు పొడుగ్గా ఉంటది, ముందే చెప్తున్నా. తీరిక ఉన్నప్పుడే చదవండి. కానీ సగం చదివి కామెంట్ పెట్టకండి, దండం పెడతా.

పోయిన వారం ఈ గ్రూపులో నేను ఒక చిన్న ప్రశ్న అడిగాను. "డిగ్రీ అయ్యాక ఉత్తర ధ్రువం వైపు దేశాల్లో అడవులు, మంచు నేలల జీవావరణం మీద ఎమ్మెస్సీ చేయాలని ఉంది, ఎవరైనా అప్లై చేసినవాళ్లు ఉన్నారా?" అని. అంతే. నలభైకి పైగా కామెంట్లు వచ్చాయి. అందులో ఒక్కటి కూడా నేను అడిగిందానికి జవాబు కాదు. నవ్వే బొమ్మలు వచ్చాయి. "పెంగ్విన్లకు కోయ భాష నేర్పుతావా చెల్లీ" అని ఒకరు రాశారు. అన్నా, పెంగ్విన్లు దక్షిణ ధ్రువం వైపు ఉంటాయి. ఉత్తరాన ఉండవు. ముందు అది సరిచేసుకోండి.

నవ్వినోళ్ల మీద నాకు కోపం లేదు. ఒక సీనియర్ అన్న మాత్రం నవ్వకుండా, ఓపిగ్గా, మూడు మాటలు రాశారు. వాటికి తొంభై లైకులు. ఒకటి, మన అడవికి, ఆ మంచుకి ఏం సంబంధం లేదు. రెండు, ఈ జీవావరణ శాస్త్రం అనేదే మనల్ని అడవి నుంచి ఎల్లగొట్టే ఆయుధం, పులి పేరు చెప్పి, చెట్టు పేరు చెప్పి మనల్ని ఖాళీ చేయించేది ఆ చదువు చదివినోళ్లే. మూడు, మొదటితరం పిల్లలు ముందు బీఈడీ చేసి డీఎస్సీ కొట్టాలి, ఇంటిని నిలబెట్టాలి, షోకులు తర్వాత.

అన్నా, మీ మీద గౌరవం ఉంది కాబట్టే ఇంత రాస్తున్నా. మూడింటికీ జవాబు చెప్తా. మీ మొదటి మాట తప్పు. రెండో మాట సగం నిజం. మూడో మాట నిజమే, కానీ అది మీరు నాకు చెప్పాల్సిన మాట కాదు, ప్రభుత్వానికి చెప్పాల్సిన మాట.

నా గురించి రెండు ముక్కలు. మాది భద్రాచలం ఏజెన్సీ. నేను బీఎస్సీ ఫైనల్ ఇయర్, బోటనీ, జువాలజీ. ఐదో తరగతి నుంచి హాస్టల్లోనే. మా అయ్య సంతకం పెడతాడు, చదవడు. మా అమ్మ వేలిముద్ర. మా ఇంట్లో కాలేజీ గేటు దాటింది నేనే మొదలు. మాకు పోడు పట్టా కోసం పెట్టుకున్న అర్జీ ఒకటి ఉంది. ఎకరాల్లో కొంత ఒప్పుకున్నారు, కొంత కొట్టేశారు. కొట్టేసిన కాయితం మీద రాసిన కారణం ఒక్క లైను: ఉపగ్రహ చిత్రంలో సాగు కనపడలేదు. ఆ కాయితం చదివి చెప్పింది నేనే, అప్పుడు ఇంటర్‌లో ఉన్నా. మా తాత ఒక్కటే అడిగాడు. "పై నుంచి చూసినోడికి, నేను ఆ ఏడు భూమిని పండబెట్టిన అని ఎట్లా తెలుస్తది?" నాకు జవాబు రాలేదు. ఆ ప్రశ్న దగ్గరే నా చదువు మొదలైంది అనుకోండి.

ఇప్పుడు మొదటి మాట. మన అడవికి, ఆ మంచుకి సంబంధం లేదు అన్నారు కదా.

ఉత్తరపు జీవావరణం అంటే ఏంటో ముందు సూటిగా చెప్తా. భూగోళం మీద ఉత్తరానికి పోతూ ఉంటే ముందు సూది ఆకుల అడవి వస్తది. కెనడా, అలాస్కా, రష్యా, ఫిన్లండ్, స్వీడన్, నార్వే మీదుగా భూమి నెత్తికి చుట్టిన తలపాగా లాగా ఉంటది అది. దాన్ని దాటితే చెట్టు ఉండదు. గడ్డి, పొదలు, నాచు, లైకెన్. దాన్ని టండ్రా అంటారు. కింద నేల వందల, వేల ఏండ్లుగా గడ్డకట్టే ఉంటది, పై పొర మాత్రం ఎండాకాలం కరుగుతది. ఆ గడ్డకట్టిన నేలలో చచ్చిన మొక్కల కార్బన్ దాచుకుని ఉంది. ఎంత అంటే గాలిలో ఉన్నదానికి దాదాపు రెండింతలు, ఇంచుమించు లక్షన్నర కోట్ల టన్నులు. అది కరిగితే కుళ్లిపోతది, కుళ్లితే వాయువు గాల్లోకి వస్తది. 1979 నుంచి చూస్తే భూమి సగటు కంటే ఆర్కిటిక్ నాలుగింతలు వేగంగా వేడెక్కిందని 2022లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అక్కడి వేడి అక్కడే ఆగదు. మన దేశం 2008లోనే స్వాల్బార్డ్ దీవుల్లో హిమాద్రి అని పరిశోధన కేంద్రం పెట్టింది. 2022లో ఆర్కిటిక్ విధానం ప్రకటించింది. ఆ మంచుకీ మన రుతుపవనాలకీ ఉన్న లింకు తెలుసుకోవడం కూడా అందులో ఒక పని. వాన ఆలస్యమైతే మన జొన్న ఎండుతదా లేదా? మరి సంబంధం లేదంటారేంటి?

సరే, అది పెద్దోళ్ల సంగతి అనుకుందాం. నన్ను పట్టుకున్నది వేరే.

టండ్రాలో మనుషులు ఉంటారు. నార్వే, స్వీడన్, ఫిన్లండ్, రష్యా నాలుగు దేశాల మీద పరుచుకున్న సామీ జనం ఉన్నారు. లక్ష మంది లోపే అని అంచనా. మన కోయలమే లక్షల్లో ఉన్నాం. వాళ్లలో కొంతమంది రెయిన్‌డీర్ మందలు కాసుకుంటారు. చలికాలం ఒక చోట, ఎండాకాలం ఒక చోట, మందతో పాటు నడుస్తారు. చలికాలంలో ఆ జంతువుకి తిండి లైకెన్. మంచును కాలితో తవ్వి తింటది. లైకెన్ చాలా మెల్లగా పెరుగుతది, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే. ఒకసారి పాడైతే మళ్లీ రావడానికి పదుల ఏండ్లు.

నార్వే, ఫిన్లండ్ సరిహద్దులో ఒక కంచె ఉంది. పై నుంచి ఉపగ్రహం ఫొటో తీస్తే ఆ కంచె గీత గీసినట్టు కనపడుతది. ఒక పక్క తెల్లగా లైకెన్ పరుపు. ఇంకో పక్క నల్లగా, అరిగిపోయినట్టు. ఆ ఫొటో చూసినోడు ఏమంటాడు? "అటు పక్కనోళ్లు మందలు ఎక్కువ పెంచి నేల నాశనం చేశారు" అంటాడు. అన్నారు కూడా. కానీ దగ్గరికి పోయి చూసినోళ్లకు ఇంకో సంగతి తెలిసింది. తెల్లగా ఉన్న పక్క చలికాలం మాత్రమే మేపుతారు, అప్పుడు లైకెన్ మీద మంచు దుప్పటి ఉంటది, తొక్కుడు పడదు. నల్లబడ్డ పక్క ఎండాకాలం కూడా మంద తిరుగుతది. ఎండిన లైకెన్ అప్పడం లాంటిది. గిట్ట పడితే పొడి అయిపోతది. అంటే ఎన్ని జంతువులు అనేది ఒక్కటే కాదు లెక్క. ఏ కాలంలో అనేది అసలు లెక్క.

మరి ఎండాకాలం కూడా అక్కడే ఎందుకు తిరుగుతున్నాయి? వెనకటికి మందలు కాలాన్ని బట్టి అటు సముద్రం ఒడ్డుకీ, ఇటు లోపలి అడవికీ నడిచేవి. 1852లో నార్వేకీ, రష్యా ఏలుబడిలో ఉన్న ఫిన్లండ్‌కీ మధ్య సరిహద్దు మూసేశారు. గీత గీసింది రాజులు. నడక ఆగింది మందకి. అరిగింది నేల. నింద పడింది మాత్రం కాపరి మీద.

ఇది ఫోన్లో చదివినప్పుడు హాస్టల్ మేడ మీద ఉన్నా, సిగ్నల్ అక్కడే వస్తది కాబట్టి. చదివి చాలాసేపు కిందికి దిగలేదు. ఎందుకంటే ఇది మా తాత చెప్పే పోడు కథే. పోడు కొట్టిన చోట రెండు మూడేండ్లు పంట తీసి వదిలేస్తారు. ఇప్ప చెట్టుని ముట్టుకోరు. నరికిన మోళ్ల నుంచి తునికి, మద్ది మళ్లీ చిగురు పెడతాయి. ఆ చిగురు ఎంత ఎత్తు ఎదిగిందో చూసి, ఎన్నేండ్ల బీడో మా తాత చెప్తాడు. బాగా ఎదిగిన తర్వాతే మళ్లీ వస్తారు. పోడు అడవిని తింటదా లేదా అనేది పోడులో లేదు, ఎన్నేండ్లు పండబెట్టినమో అందులో ఉంది. రిజర్వు గీత గీసి, ప్లాంటేషన్లు పెట్టి, తిరిగే జాగా తగ్గిస్తే బీడు కాలం తగ్గుతది. తగ్గినాక నేల అరుగుతది. అప్పుడు ఫొటో తీసి "చూడండి, పోడు నాశనం చేసింది" అంటారు. ఒకవేళ మనం మంచిగా బీడు పెట్టి చెట్టు ఎదగనిస్తే అదే ఫొటో చూపించి "ఇది అడవి, ఇక్కడ సాగు లేదు" అంటారు. అరిగితే తప్పు మనది, ఎదిగితే భూమి మనది కాదు. ఇదేం లెక్క అన్నా?

ఇప్పుడు చెప్పండి, సంబంధం ఉందా లేదా?

రెండో మాట. ఈ శాస్త్రం మనల్ని ఎల్లగొట్టే ఆయుధం. ఇది సగం నిజం అన్నాను. నిజం సగం ముందు చెప్తా, దాచను.

2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అర్జీలు కొట్టేసినోళ్లను అడవి నుంచి ఖాళీ చేయించాలని చెప్పిన రోజు మనందరికీ గుర్తుంది. ఫిబ్రవరి 28న అదే కోర్టు దాన్ని ఆపింది కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. ఆ కేసు వేసినవాళ్లలో వన్యప్రాణి సంరక్షణ పేరు చెప్పుకునే సంస్థలు ఉన్నాయి. ఉత్తరాన కూడా అంతే. నార్వేలో మేత అరిగిపోతోందని చెప్పి మందలు తగ్గించమన్నారు. యొవ్సెట్ ఆంతె సారా అనే యువ కాపరి, మందని 75కి తగ్గించమన్న ఆదేశం మీద కోర్టుకి పోయాడు. అన్ని తగ్గిస్తే బతుకుదెరువు ఉండదన్నాడు. 2017 డిసెంబరులో అక్కడి సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. ఆయన అక్క మారెత్ ఆన్నె సారా కళాకారిణి. నాలుగు వందల రెయిన్‌డీర్ పుర్రెలతో తెర కట్టి పార్లమెంటు ముందు నిలబెట్టింది. కాబట్టి శాస్త్రం పేరుతో మనలాంటోళ్లను కొడతారు అన్న మాట నేను కాదనను.

ఇప్పుడు మిగతా సగం. ఇది జాగ్రత్తగా చదవండి, నా పోస్టు అంతా దీని మీదే నిలబడి ఉంది.

అలాస్కా ఉత్తరపు కొసన ఉట్కియాగ్విక్ అనే ఊరు ఉంది. మ్యాపుల్లో చాలాకాలం బారో అని ఉండేది, 2016లో ఓటు వేసుకుని తమ పాత పేరు తిరిగి తెచ్చుకున్నారు. అక్కడ ఇన్యూపియాట్ జనం ఉంటారు. బోహెడ్ తిమింగలం వాళ్ల తిండి, వాళ్ల పండుగ, ఊరంతా పంచుకునే మాంసం. 1977లో అంతర్జాతీయ తిమింగలాల సంఘం ఆ వేట మొత్తం ఆపేయాలని తీర్మానం చేసింది. కారణం, శాస్త్రవేత్తల లెక్క ప్రకారం బోహెడ్లు ఆరు వందల నుంచి రెండు వేల లోపే మిగిలాయట. అంతకు ముందు వాటిని వేలకు వేలు చంపింది నూనె కోసం వచ్చిన వ్యాపార ఓడలు. శిక్ష మాత్రం వీళ్లకి.

ఆ లెక్క ఎట్లా తీశారో తెలుసా? మంచు అంచున నిలబడి, మంచు పగిలి నీళ్లు కనపడే దారిలో పోతున్న తిమింగలాలను కళ్లతో చూసి లెక్కపెట్టారు. ఊరి వేటగాళ్లు చూసి ఇది తప్పు అన్నారు. మీకు కనపడే నీళ్లలోంచే అన్నీ పోవు, మంచు కింద నుంచి కూడా పోతాయి, తలతో మంచు పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి, మీ చూపు ఆనని దూరంలో కూడా పోతాయి అన్నారు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. "మా తాతలు చెప్పారు" అంటే సంఘం మీటింగులో ఎవరు రాసుకుంటారు?

ఇక్కడ వాళ్ల ముందు రెండు దారులు. ఒకటి మనం ఈ గ్రూపులో చేసే పని. శాస్త్రం మోసం, శాస్త్రవేత్తలు దొంగలు అని పోస్టు పెట్టి లైకులు లెక్కపెట్టుకోవడం. వాళ్లు ఆ దారి పట్టలేదు. 1977లోనే తిమింగలాల వేటగాళ్ల కమిషన్ అని సొంత సంస్థ పెట్టుకున్నారు. తమ ప్రాంత పాలక సంస్థకు చమురు పన్నుల నుంచి వచ్చే డబ్బుతో తామే శాస్త్రవేత్తలను పెట్టుకున్నారు. హ్యారీ బ్రోవర్ అనే పెద్ద వేటగాడు తనకి తెలిసింది వాళ్లకి విడమర్చి చెప్పాడు. నీళ్లలోకి మైకులు దింపి తిమింగలాల అరుపులు రికార్డు చేశారు. కళ్లకు కనపడనివి చెవులకు వినపడ్డాయి. మంచు కింద నుంచి, దూరం నుంచి తిమింగలాలు పోతూనే ఉన్నాయి. లెక్క పెరిగింది. 2011 లెక్కలో దాదాపు పదిహేడు వేలు. వేట పూర్తిగా ఆగిపోలేదు. 1978లో కొద్ది సంఖ్య ఇచ్చారు, తర్వాత పెంచుకుంటూ వచ్చారు. ఈరోజుకీ హద్దు ఉంది, ఆ హద్దులో ఏ ఊరికి ఎన్ని అనేది వాళ్ల కమిషనే పంచుతది.

వాళ్లు గెలిచింది శాస్త్రాన్ని తిట్టి కాదు అన్నా. "మీ లెక్క తప్పు" అనడంతో ఆగకుండా "సరైన లెక్క ఇదిగో" అని చూపించి గెలిచారు. తాత మాట ఒక చేతిలో, మైకు ఇంకో చేతిలో. రెండూ ఉండాలి. తాత మాట ఒక్కటే ఉంటే నవ్వుతారు. మైకు ఒక్కటే ఉంటే ఎక్కడ దింపాలో తెలీదు.

ఇంకోటి. నార్వేలో ఫోసెన్ అనే చోట సామీల చలికాలపు మేత నేలల మీద 151 గాలిమరలు నిలబెట్టారు. గాలిమర వాతావరణానికి మంచిదే కదా, పచ్చ కరెంటు కదా అని వాదించారు. కాపరులు, ఆ మరలు ఉన్న చోటికి మంద రాదు, మేత పోయినట్టే అన్నారు. కోర్టు ముందు తేలాల్సింది అదే, జంతువు వస్తదా రాదా, మేత పోయిందా లేదా అని. అది జీవావరణ శాస్త్రం ప్రశ్న. 2021 అక్టోబరు 11న అక్కడి సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జీలు ఒక్క మాట మీద అనుమతులు చెల్లవన్నారు, సామీల సంస్కృతి హక్కు దెబ్బతిన్నదన్నారు. తీర్పు వచ్చి ఐదు వందల రోజులైనా మరలు తిరుగుతూనే ఉంటే 2023 ఫిబ్రవరిలో సామీ పిల్లలు మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు కూర్చున్నారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. తర్వాత ఒప్పందాలు జరిగాయి, మరలు మాత్రం అక్కడే ఉన్నాయి. అంటే శాస్త్రం చేతికొస్తే అన్నీ గెలుస్తామని నేను అనడం లేదు. అది లేకపోతే కోర్టు మెట్టు మీదే ఆగిపోతాం అంటున్నా. మెట్టు ఎక్కినాక కొట్లాట ఎట్లాగూ మనదే.

కాబట్టి, ఆయుధం మన మీద పేలుతోంది అంటే, ఆయుధాన్ని ముట్టుకోవద్దు అనడం ఏం తెలివి? అది పట్టుకోవడం మనకి కూడా రావాలి. లేకపోతే ఎప్పటికీ మనం లెక్కలోకి వచ్చేవాళ్లమే, లెక్క రాసేవాళ్లం కాము. మా ఊరికి కూడా ఒకాయన వచ్చాడు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు. చేతిలో పుస్తకం. మా తాతని వారం రోజులు అడవిలో తిప్పుకుని చెట్ల పేర్లు, మందుల పేర్లు అన్నీ రాసుకుపోయాడు. మళ్లీ రాలేదు. ఏం రాశాడో, ఎక్కడ వేశాడో మాకు తెలీదు. మా తాత ఇప్పటికీ "ఆ పిల్లగాడు పాసయ్యాడో లేదో" అంటాడు. నేను ఆ పుస్తకం పట్టుకునే పక్కన ఉండాలనుకుంటున్నా. అక్కడికి పోయినా సామీల ఇంటికి ఆయన లాగా పోను. ఏం రాశానో వాళ్లకి చదివి వినిపించాకే కాలేజీలో ఇస్తా. ఈ మాట మీ అందరి ముందు అంటున్నా, తప్పితే అడగండి.

మూడో మాట. ఇంటిని నిలబెట్టాలి కదా, డీఎస్సీ రాయాలి కదా.

దీని మీద నేను నవ్వను. మా అయ్య కూడా అదే అంటాడు. టీచర్ ఉద్యోగం చిన్నదని నేను అనను, నాకు అక్షరం నేర్పింది మన టీచరే. కానీ మనం మన పిల్లలకి చూపించే దారులు ఎన్ని? టీచరు, ఏఎన్ఎం, కానిస్టేబుల్, బీట్ ఆఫీసర్. బీట్ ఆఫీసర్ పోస్టుకి పది వేల లైకులు ఇస్తాం. అడవికి కాపలా కాసే ఉద్యోగం అయితే మనకి ఓకే, అడవిని లెక్కగట్టే చదువు అయితే షోకు. పై నుంచి వచ్చిన ఫైలు పట్టుకుని మన ఊరికే మన పిల్లోడు నోటీసు ఇవ్వడానికి వస్తాడు. ఆ ఫైలు రాసే కుర్చీలో మనోడు ఎందుకు ఉండకూడదు అని మాత్రం ఎవరూ అడగరు.

డబ్బు సంగతి దాచకుండా చెప్తా, ఎందుకంటే నా తర్వాత అడిగే పిల్లలకి పనికొస్తది. స్వీడన్ 2011 నుంచి, ఫిన్లండ్ 2017 నుంచి, నార్వే 2023 నుంచి యూరప్ బయటి విద్యార్థుల దగ్గర ఫీజు తీసుకుంటున్నాయి. అంతకు ముందు నార్వేలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో మనలాంటోళ్లకి కూడా ఫీజు లేదు. మనం గేటు దాకా వచ్చేసరికి గేటు పడింది, అది వేరే బాధ. కేంద్ర గిరిజన శాఖ ఇచ్చే విదేశీ విద్య స్కాలర్‌షిప్ ఏటా దేశం మొత్తానికి 20 మందికే. 17 ఎస్టీలకి, 3 ఆదిమ తెగలకి. పది కోట్ల మందికి పైగా ఉన్న జనానికి ఇరవై. మన రాష్ట్ర పథకం 20 లక్షల వరకు ఇస్తది, కానీ దేశాల జాబితా ఉంటది. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్, జర్మనీ, న్యూజిలాండ్, జపాన్, ఫ్రాన్స్, దక్షిణ కొరియా. ఈ జాబితాలో ఉత్తరపు చదువుకి కేంద్రమైన నార్వే లేదు, స్వీడన్ లేదు, ఫిన్లండ్ లేదు. కంప్యూటర్ కోర్సులకి పోయే దేశాలు చూసి జాబితా రాసినట్టు ఉంది. ఆదివాసీ పిల్ల అడవి చదువు చదువుతా అంటుందని రాసినోడికి తట్టలేదు.

అందుకే మూడో మాట మీరు నాకు కాదు, అక్కడ చెప్పాలి అన్నది. ఇంటిని నిలబెట్టే బరువు ఇరవై ఏండ్ల పిల్ల మీద ఒక్కదాని మీదే ఎందుకు ఉంది? పెద్దింటి పిల్లలు ఏం చదవాలో మనసుని అడుగుతారు. మనం అప్పుని అడుగుతాం. ఈ తేడా మీద పోస్టు పెట్టండి అన్నా, మొదటి లైకు నాదే.

దారి మాత్రం పూర్తిగా మూసుకోలేదు. జాబితాలో కెనడా ఉంది, అమెరికా ఉంది. అమెరికాలోనే అలాస్కా ఉంది, ఫెయిర్‌బ్యాంక్స్‌లో యూనివర్సిటీ ఉంది. కెనడా ఉత్తరం సగం టండ్రా, సూది ఆకుల అడవే. ఈ చదువుకి కావాల్సింది బోటనీ, జువాలజీ పునాది, గణాంకాలు, ఉపగ్రహ చిత్రాలు చదివే మ్యాపు పని, కంప్యూటర్లో లెక్కలు రాసే ఆర్ అనే భాష. ఆర్ ఉచితం. నేను హాస్టల్లో పాత ల్యాప్‌టాప్ మీద మొదలుపెట్టా, ముగ్గురం పంచుకుంటున్నాం. ఇంకా తప్పులే వస్తున్నాయి, పర్వాలేదు.

ఇక "ఆడపిల్లవి, అంత చలిలో ఎట్లా ఉంటావు, ఏం తింటావు" అన్న అక్కలకి. డిసెంబరులో తెల్లారి నాలుగింటికి హాస్టల్ తొట్టి నీళ్లతో తానం చేసిన పిల్లకి చలి గురించి చెప్పకండి అక్కా. స్వాల్బార్డ్‌లో 78 డిగ్రీల ఉత్తరాన యూనివర్సిటీ కేంద్రం ఉంది. అక్కడ చేరినోళ్లకి మొదట్లోనే ధ్రువపు ఎలుగుబంటి ఎదురైతే ఏం చేయాలో, తుపాకీ ఎట్లా పట్టాలో నేర్పుతారట. మా అమ్మ ఇప్పపూల కాలంలో చీకటితోనే బయల్దేరి, ఎలుగుబంటి ఉంటదని కేకలేసుకుంటూ పోతది. ఆమెకి ఎవరూ ట్రైనింగ్ ఇవ్వలేదు. ఆమె కూతురిని నేను.

ఇంకో మాట చెప్పి ముగిస్తా. నార్వేలో సామీ పిల్లలని హాస్టల్ బడుల్లో పెట్టి వాళ్ల భాష మాట్లాడనివ్వలేదు, తరాల తరబడి. 2023 జూన్‌లో అక్కడి సత్య కమిషన్ ఆ సంగతంతా రిపోర్టు రాసి పార్లమెంటుకి ఇచ్చింది. అదే సామీలు 1989లో కౌటొకైనో అనే చిన్న ఊళ్లో సొంత కాలేజీ పెట్టుకున్నారు. అక్కడ చదువు సామీ భాషలోనే. మొదటి ఏడాది హాస్టల్లో కోయలో మాట్లాడినందుకు బెంచీ ఎక్కి నిలబడ్డ పిల్లని నేను. లక్ష మంది కూడా లేని జనం అది సాధించారంటే ఎట్లా సాధించారో కళ్లతో చూసి రావాలని ఉంది. నాకు మంచు చూడాలని ఉందనుకున్నారు మీరు. నాకు మనుషుల్ని చూడాలని ఉంది.

అన్నలారా, అక్కలారా, మీ అనుమతి అడగడానికి ఈ పోస్టు రాయలేదు. మూడు పనులు అడుగుతున్నా. ఒకటి, రాష్ట్ర పథకం జాబితాలో నార్వే, స్వీడన్, ఫిన్లండ్ చేర్చమని వినతిపత్రం రాస్తున్నా, సంతకాలు పెట్టండి. రెండు, మీ ఊళ్లలో ఉపగ్రహ చిత్రం పేరుతో కొట్టేసిన పోడు అర్జీల కాయితాలు ఫొటో తీసి దాచిపెట్టండి. ఇప్పుడు చదవడం రాకపోయినా, చదివేవాళ్లం వస్తున్నాం. మూడు, రేపు ఈ గ్రూపులో ఏ తమ్ముడో చెల్లెలో వింత చదువు గురించి అడిగితే ముందు జవాబు వెతకండి. నవ్వడం తర్వాత.

మా తాతకి ఇప్పుడు డెబ్బై దాటినయి. "పై నుంచి చూసినోడికి ఎట్లా తెలుస్తది" అన్న ప్రశ్నకి నేను ఇంకా బాకీ ఉన్నా. బీడులో మొలిచిన తునికి ఎన్నేండ్లదో ఆ ఫొటోలో ఎట్లా కనపడుతదో నేర్చుకుని వచ్చి, ఆయన పక్కన కూర్చుని చూపించాలి. ఆయన ఉండగానే.

తప్పులుంటే చెప్పండి, దిద్దుకుంటా. తిట్టాలనుకుంటే పూర్తిగా చదివి తిట్టండి.

జై ఆదివాసీ. జల్ జంగల్ జమీన్.